మిడతల పెట్టె

వాకిట్లో సానుపు చల్లి ముగ్గు పెడుతున్న సుగుణమ్మకు, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయటికి వస్తున్న భర్త కనిపించాడు. పనిలోకి దిగే వడ్రంగి బనీను మీద ఉండాలి గానీ ఈ చొక్కా ఏమిటి? పైగా తల దువ్వుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో యాదగిరాచారి పెళ్ళిళ్ళకూ యాదగిరిగుట్టకు పోయినప్పుడూ తప్ప తల దువ్వుకోవడం ఆమె ఎరగదు.

"యాడికి?" ముగ్గు మీంచి తల ఎత్తకుండానే అడిగింది.

"బస్టాండు కాడికి. మొలలు తెస్త."

"నిన్న తెచ్చినవి ఏమైనయి?"

"అవి పొడుగైనయి."

"మొన్నటివి?"

"అవి పొట్టిగైనయి," అంటూ చారి సైకిలెక్కి నందికొండ హిల్ కాలనీ వాలులో బ్రేకు కూడా వేయకుండా జారిపోయాడు. వెళ్ళేటప్పుడు ఏదో కూనిరాగం కూడా తీశాడు. మొలలు కొనడానికి వెళ్ళే మనిషికి అంత హుషారు ఎందుకో సుగుణమ్మకు అర్థం కాలేదు.

ఇంటి ముందున్న రేకుల షెడ్డే చారి పనిచోటు. కాలనీలో ఏ ఇంటి దర్వాజ మీద చిలకలు చెక్కి ఉన్నా అవి చారి చేతివే. షెడ్డులో ఒక మూల చిన్న పీట మీద కూర్చుని అతని తల్లి భద్రమ్మ వక్కలు కత్తిరించుకుంటోంది. కూతురు అండాలు, చెక్క నునుపు చేసే రంద పట్టగా రాలిన పొట్టు ఊడుస్తోంది. ఊడుస్తూ ఊడుస్తూ చీపురు ఆపి, ఒక పొడవాటి పొట్టును ఎడమచేతి వేళ్ళ మధ్య సాగదీసి వెలుతురుకు పెట్టి చూసుకుంది.

పదో తరగతి పాసైన అండాలుది పుర్రచేతి వాటం. రాసేది, విసిరేది, తలుపు తట్టేది, అన్నీ ఆ చేత్తోనే. భద్రమ్మ కూర్చున్న పీట కూడా తండ్రి ఊళ్ళో లేని రోజు ఆ చేత్తో చేసిందే. పీట ఇంతవరకు కదలలేదు, కిర్రుమనలేదు. కానీ ఒకసారి ఆమె ఎడమచేత ఉలి పట్టి ఉండగా చారి చూశాడు. "విశ్వకర్మ సామాన్ల మీద పుర్రచెయ్యి పడొద్దు," అని ఉలి లాక్కున్నాడు. ఆ తరువాత మిర్యాలగూడలో ఉండే చెల్లెలు నిర్మలమ్మకు కబురు పెట్టాడు. శ్రావణం రాగానే ఆమె వచ్చి అండాలును తీసుకుపోతుంది, తన దగ్గర పెట్టుకుని కుట్టుపని నేర్పుతుంది.

"కత్తెర గూడ నా చెయ్యికి ఒంగదమ్మా," అని అండాలు తల్లి దగ్గర గొణిగింది. "నాకు కట్టెపనే నేర్పుమను. ఇంకేం అడగ." సుగుణమ్మ అడగాలనే అనుకుంది. అడిగే సందు దొరకలేదు.

ఆ రోజు కూరగాయలకు బస్టాండు వైపు వెళ్ళిన సుగుణమ్మకు ఇనుప సామాను దుకాణం ముందు భర్త సైకిలు కనిపించలేదు. నాలుగడుగుల అవతల, నల్లగుడ్డ వేలాడదీసిన ఒక గది ముందు కనిపించింది. అది వీడియో గేముల దుకాణం. లోపలినుంచి పిల్లల అరుపులు, ఠుయ్ ఠుయ్‌మని చప్పుళ్ళు వస్తున్నాయి. గుడ్డ తొలగించి చూసింది.

నిక్కర్ల పిల్లల నడుమ, నిలువెత్తు పెట్టె ముందు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న తన మొగుడు. పెట్టెలోని అద్దం మీద పురుగుల వంటివి బారులు తీరి కిందికి దిగుతున్నాయి. కింద ఒక బుల్లి విమానం వాటిని కాలుస్తోంది. చారి గుంజీళ్ళు తీసేవాడిలా చేతులు రెండూ అడ్డంగా వేసుకుని ఆడుతున్నాడు. కుడిచేత్తో ఎడమవైపు హ్యాండిలు పట్టుకున్నాడు, దాని మీదుగా ఎడమచేతిని పోనిచ్చి కుడివైపు బటన్లు నొక్కుతున్నాడు. మోచేతులు ఒకదానికొకటి తగిలి విమానం కాస్తా పేలిపోయింది.

"చారి పెద్దబాపు, నీది అయిపోయింది. జరుగు," అన్నాడొక పిల్లవాడు.

"మొలలు దొరికినయా?" వెనకనుంచి అడిగింది సుగుణమ్మ.

చారి వెనక్కి తిరిగాడు. పంతులుకు దొరికిన బడిపిల్లవాడి మొహం పెట్టాడు. సుగుణమ్మకు కోపం రావలసింది, నవ్వు వచ్చింది. ఆపుకుందామని కొంగు అడ్డం పెట్టుకుంది గానీ లాభం లేకపోయింది.

సైకిలు నడిపించుకుంటూ తిరిగి వస్తుంటే చారి నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఏం జెయ్యాలె సుగుణా. దర్వాజ చేస్తే ఇంటోడు బాగున్నదంటడు, ఆడికి అయిపోతది. గా మిడతలను కొడుతుంటే నా పాణం చిన్నపిల్లగాని లెక్క అయితాంది. ఆడుడు రాదు, కని ఆడబుద్ధయితది."

దారిలోనే రజాక్ టీవీలు బాగుచేసే దుకాణం. రజాక్ చారికి తమ్ముడి కంటే ఎక్కువ. వాళ్ళను చూడగానే రజాక్‌కు విషయం అర్థమైపోయింది.

"దొరికిండా వదినె?" అన్నాడు నవ్వుతూ.

"ఓహో, నీకు ఎరికేనన్నట్టు."

"కాలనీల నీకొక్కదానికే ఎరికలేదు. అయితే ఒక మాట చెప్త, కోపం జెయ్యొద్దు. హైదరాబాద్ల ఒక ఆటల దుకాణం ఎత్తేస్తే, గసొంటి ఆట సర్క్యూట్ బోర్డే నాకు దొరికింది. పాత టీవీ నా కాడ ఉన్నది. హ్యాండిలు, బటన్లు ఉన్నయి. పెట్టె ఒక్కటే లేదు."

సుగుణమ్మ మొగుడి వైపు చూసింది. "పెట్టె చేసేటోడు ఈడ తల దువ్వుకొని నిలవడ్డడు గద. ఆడేదేదో ఇంట్లనే ఆడు. మొలలన్న ఆదా అయితయి."

ఆ మాటతో ఇల్లు ఇల్లంతా పెట్టె మీద పడింది. చారి దగ్గరున్న మామిడి పలకలు బయటికి వచ్చాయి. రజాక్ కాగితం మీద పెట్టె బొమ్మ, ఎక్కడ ఏది రావాలో గీసి తెచ్చాడు. చారి దాన్ని మడిచి చెవి వెనక పెన్సిలు పక్కన పెట్టుకున్నాడు, మళ్ళీ విప్పలేదు.

"నాకు నక్షలు వద్దు తమ్మీ. దర్వాజకైనా, ఊయలకైనా మనిషి మీద కొలత పట్టుడే మా ఇంట్ల అలవాటు. చేతులు ఎట్ల వస్తయో చూసి పలక మీద పెట్టి గీస్త. నా చేతులకు యాదికుంటది," అన్నాడు.

"సర్కారు ఇంజనీర్లు గూడ నక్ష చూస్తరన్నా."

"అందుకే వాళ్ళ కిటికీలు వానకు మూతపడయి."

పెట్టె పెరుగుతున్న కొద్దీ దర్వాజ పోలికలు వచ్చేశాయి. పైన అడ్డపట్టీ మీద చారి ఊరుకోలేక జంట చిలకలు చెక్కాడు. చిలకలు ఉన్నాక మామిడాకులు లేకపోతే ఎలాగని అవీ చెక్కాడు. రజాక్ భార్య రబియా వచ్చి, ఆకాశంలో జరిగే ఆట కదా అని పక్క పలకలకు నీలిరంగు వేసి చుక్కలు దిద్దింది. భద్రమ్మ ఆ చుక్కల మధ్య ఒక మిడతను వేయమని పట్టుబట్టింది. రబియా వేసిన మిడత మేకలా వచ్చింది. దాన్ని చూసి నవ్వీ నవ్వీ సుగుణమ్మ చాయ్ పొంగబెట్టుకుంది.

అండాలుకు ఉప్పుకాగితం రుద్దే పని ఇచ్చాడు చారి. రంపం, ఉలి, రంధ్రాలు పొడిచే బర్మా ముట్టుకోనివ్వలేదు. ఆమె పొద్దంతా అదే రుద్దింది. ఆమె రుద్దిన పలక మీద ఈగ వాలితే జారేలా ఉంది. శ్రావణం దగ్గరపడుతోందని ఆమెకు తెలుసు, సుగుణమ్మకూ తెలుసు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా తల్లి నవ్వు మధ్యలోనే ఆగిపోయేది.

హ్యాండిలు, బటన్లు బిగించే పలక కోసం చారి అటక మీంచి పాత టేకు చెక్క దించాడు. అది అతని తండ్రి దాచి పెట్టుకున్న చెక్క. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆట ఆడుతున్నట్టు ఊహించుకుని రెండు చేతులూ తిన్నగా దాని మీద ఆనించి, హ్యాండిలు పట్టే పిడికిలి ఎక్కడుందో, బటన్లు ఒత్తే వేళ్ళు ఎక్కడున్నాయో అక్కడ పెన్సిలుతో తన గుర్తు పెట్టుకున్నాడు. కొక్కెం వంటి ఆ గుర్తు అతనొక్కడే వేస్తాడు. ఇంతలో పైలాన్ కాలనీ నుంచి మనిషి వచ్చాడు. వానకు ఉబ్బిన దర్వాజ మూసుకుపోయిందట, లోపల ముసలాయన చిక్కుకున్నాడట. చారి బాడిశ పట్టుకుని పరుగెత్తాడు.

పొద్దు వాలే వేళకు రజాక్ వచ్చి వైర్లు కలపాలి. పలకకు ఇంకా రంధ్రాలే లేవు. సుగుణమ్మ కూతుర్ని చూసింది.

"నువ్వే పొడువు."

"బాపు తిడ్తడమ్మా."

"తిడితే నన్ను తిట్టుమను. గుర్తులు పెట్టే ఉన్నయి గద."

అండాలు ఎడమచేత్తో బర్మా తిప్పింది. తిప్పుతున్నంతసేపూ నాలుక కొస పెదవి మూలనుంచి బయటికి వచ్చి ఉంది. పనిలో ఉన్నప్పుడు చారి నాలుక కూడా సరిగ్గా అలాగే బయటికి వస్తుంది. రంధ్రాలు గుండ్రంగా, అంచు చెదరకుండా పడ్డాయి. సుగుణమ్మ వేలు పెట్టి తడిమి చూసి, కూతురి తల నిమిరింది.

రజాక్, రబియా వచ్చారు. రబియా గిన్నెలో సేమ్యా ఖీర్ తెచ్చింది. రజాక్ పలకను పెట్టెకు ఆనించాడు, తల అటూ ఇటూ వంచి చూశాడు. అప్పుడే చారి సైకిలు దిగి లోపలికి వచ్చాడు.

"అన్నా, ఇది ఉల్టా అయింది," అన్నాడు రజాక్. "హ్యాండిలు ఎడమకు రావాలె, బటన్లు కుడికి రావాలె. నీది కుడికి హ్యాండిలు వచ్చింది."

చారి పలకను చూశాడు. మొహం మాడిపోయింది. "రంధ్రాలు ఎవరు పొడిచిండ్రు?"

"నేనే బాపు," అంది అండాలు.

"నేనే పొడువుమన్న," అని సుగుణమ్మ అడ్డం వచ్చింది. చారి వినిపించుకోలేదు.

"ఎన్నిసార్లు చెప్పిన. పుర్రచెయ్యి నా సామాన్ల మీద పడొద్దని చెప్పిన్నా లేదా? పడ్డది, పని ఉల్టా అయింది. మా నాయిన పాణం లెక్క దాచుకున్న టేకు అది. ఇగ శ్రావణం దాక గూడ ఆగేది లేదు. రేపే మిర్యాలగూడ బస్సెక్కిస్త."

షెడ్డులో అందరి ముందు ఆ మాట పడినా అండాలు ఏడ్వలేదు. పలకను తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టింది.

"నువ్వు గీసిన గుర్తుల మీదనే పొడిచిన బాపు. నీ కొక్కేలు పక్కకే ఉన్నయి, చూడు."

చారి చూశాడు. గుర్తులు తనవే. "నేనెట్ల గీస్త గిట్ల? నా చేతులు పెట్టి కొలత పట్టిన."

"అయితే మళ్ళ పెట్టు," అంది సుగుణమ్మ.

"ఏంది?"

"చేతులు. పలక మీద పెట్టు. మేమంత చూస్తం."

విసురుగానే పెట్టాడు చారి. కుడిచేయి వెళ్ళి కుడివైపున్న హ్యాండిలు రంధ్రం మీద కూర్చుంది. ఎడమచేతి వేళ్ళు బటన్ల రంధ్రాల మీద ఒక్కొక్కటిగా ఒదిగాయి. చారి తన చేతులను తానే పరాయివాడి చేతుల్లా చూసుకున్నాడు. సుగుణమ్మకు ఆ నల్లగుడ్డ గది కళ్ళ ముందు మెదిలింది.

"గా దుకాణంల చేతులు అడ్డం వేసుకొని ఎందుకు ఆడినవు?"

"ఊకెనే. గట్లయితేనే బటన్ జల్ది ఒత్తుడయితది నాకు."

"యే చేత్తోని?"

చారి ఎడమచేతి వేళ్ళు రంధ్రాల మీద ఆడాయి. మూలనుంచి భద్రమ్మ అడకత్తెర కింద పెట్టిన చప్పుడయింది.

"వాడు పుర్రచేతోడే," అంది ముసలామె. "పుట్టుకతోనే."

అందరూ అటు తిరిగారు. భద్రమ్మ కొడుకునొక్కడినే చూస్తూ చెప్పింది.

"పనోని ఇంట్ల పుర్రచెయ్యి పనికి రాదన్నడు మీ నాయిన. పురికొసతోని ఎడమచెయ్యి నడుముకు కట్టుమన్నడు. నేనే కట్టిన. తినేటప్పుడు కట్టిన, పనికాడ కట్టిన. పండుకున్నంక ఇప్పేదాన్ని. మొదట్ల ఏడ్చినవు, కొరికినవు. తర్వాత ఒకనాడు పొద్దుగాల నువ్వే వచ్చి చెయ్యి నా ముందట పెట్టినవు, కట్టమ్మా, పనికి పోవాలె అని. ఆనాడు నేను పొయ్యి కాడ కూసొని మస్తు ఏడ్చిన బిడ్డా. ఎవ్వరికి చెప్పలే."

చారి పలక మీంచి చేతులు తీయకుండానే అన్నాడు. "యాదికున్నదమ్మా. కని పిల్లలందరికి గట్లనే కడతరనుకున్న."

రబియా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సుగుణమ్మకు తన మొగుడు పురికొసతో కట్టిన పసివాడిలా కనిపించాడు.

"నిన్ను నేను ఎన్నడన్న కట్టిన్నా బిడ్డా?" కూతుర్ని అడిగాడు చారి.

"కట్టలే బాపు," అంది అండాలు. "ఉలి గుంజుకున్నవు."

ఆ మాటకు చారి తల దించేసుకున్నాడు. కన్నీటి చుక్క ఒకటి టేకు పలక మీద పడితే, వడ్రంగి కాబట్టి, మరక పడుతుందని వెంటనే తుడిచేశాడు. అండాలు వెళ్ళి తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. చారి ఆమె ఎడమచేతిని తీసుకుని, బర్మా తిప్పి కందిన అరచేయిని తన అరచేతిలో పెట్టుకున్నాడు. రంధ్రాల అంచులు తడిమాడు.

"మంచిగ పొడిచినవు. నాకన్న మంచిగ పొడిచినవు," అన్నాడు.

రజాక్ గొంతు సవరించుకున్నాడు. "మరి పలక మార్చుదామా అన్నా?"

"ఎందుకు మార్చుడు? గట్లనే బిగియ్యి."

పెట్టెలో దీపం వెలిగి, అద్దం మీద బొమ్మ వచ్చి, మిడతలు బారులు తీరేసరికి ఖీర్ చల్లారిపోయింది. భద్రమ్మ పెట్టెకు బొట్టు పెట్టి దిష్టి తీసింది. మొదట రజాక్ ఆడాడు. చేతులు రెండూ అడ్డంగా వేసుకుని, మోచేతులు చిక్కుపడి, ఎత్తుకున్న విమానాన్ని ఎత్తుకున్నట్టే కూల్చేశాడు. రబియా ఇంకా తొందరగా కూల్చేసింది. సుగుణమ్మ చేయి వేసింది గానీ, కాల్చేది విమానమో మిడతో తేల్చుకునే లోపే ఆట ముగిసింది.

తరువాత చారి నిలబడ్డాడు. చేతులు అడ్డం వేయలేదు. ఎడమచేతి వేళ్ళు బటన్ల మీద వానచినుకుల్లా పడుతుంటే మిడతలు రాలాయి. బారు వెనక బారు రాలిపోయింది. నాలుక కొస బయటికి వచ్చింది. "అండాలూ, దా, చెయ్యి కలుపు," అని పిలిచి చోటిచ్చాడు. కూతురు తండ్రి కంటే వేగంగా కొట్టింది. ఆమె నాలుక కూడా బయటికి రావడం చూసి భద్రమ్మ బోసినోటితో పకపకా నవ్వింది.

ఆపై ఆ షెడ్డు ముందు ఎప్పుడు చూసినా పిల్లల చెప్పుల గుట్టే. డ్యాం గేట్లు ఎత్తారని నీళ్ళు చూడ్డానికి వచ్చిన చుట్టాలు కూడా, నీళ్ళు చూసినంతసేపు ఈ పెట్టెను చూసి వెళ్ళారు. ఎవరు ఆడాలన్నా గుంజీళ్ళవాడిలా చేతులు అడ్డం వేసుకోవలసిందే. తిన్నగా నిలబడి ఆడేది కాలనీ మొత్తం మీద తండ్రీకూతుళ్ళిద్దరే.

శ్రావణం వచ్చింది. అన్న మాట ప్రకారం నిర్మలమ్మ మిర్యాలగూడ నుంచి దిగింది, మేనకోడలి కోసం కొత్త కత్తెర కూడా తెచ్చింది. కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తూనే చిలకలున్న పెట్టెను చూసింది, అదేమిటని అడిగింది, చేయి వేసింది, ఇక వదల్లేదు.

"బట్టలు సదురుకున్నవా పిల్లా?" చేతులు అడ్డం వేసుకుని మిడతలను తప్పించుకుంటూనే అడిగింది.

అండాలు తండ్రి వైపు చూసింది. పెట్టె ముచ్చటలో పడి ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, అడిగే ధైర్యం ఆమెకూ చాలలేదు. చారి ఏమీ అనకపోతే ఈసారి తానే అడగాలని సుగుణమ్మ నిశ్చయించుకుంది.

చారి పనిముట్ల పెట్టె తెరిచి ఒక ఉలి బయటికి తీశాడు. కూతురి దగ్గర్నుంచి లాక్కున్న ఉలే అది. దానికి కొత్త పిడి వేసి ఉంది. ఆ పిడి తన తండ్రి టేకు పలకలో మిగిలిన ముక్క. ఎడమచేతి పట్టుకు సరిపడేలా ఒకవైపు లోతుగా చెక్కి, నున్నగా రుద్ది ఉంది.

పనిముట్టు ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇవ్వాలి, కుడిచేత్తో పుచ్చుకోవాలి. వాళ్ళ ఇంట్లో తాతల నాటినుంచీ అంతే. చారి ఉలిని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుని కూతురి ముందుకు చాపాడు. అండాలు అలవాటు కొద్దీ కుడిచేయి ముందుకు పెట్టింది.

"గది కాదు బిడ్డా," అన్నాడు చారి.

అండాలు ఎడమచేయి చాపింది. భద్రమ్మ లేచి వచ్చి పసుపు అద్దిన వేలితో ఉలికి ఒక బొట్టు, ఆ చేతికి ఒక బొట్టు పెట్టింది. తరువాత కొడుకు ఎడమచేతిని పట్టుకుని, మణికట్టు మీద పురికొస ఉండే జాగాలో కూడా ఒక బొట్టు పెట్టింది.

"నిర్మలా, పిల్ల రాదమ్మ," అన్నాడు చారి. "షెడ్డుల పని మస్తున్నది."

సుగుణమ్మకు కళ్ళు నిండిపోయాయి. పొట్టు దుమ్ము పడిందని చెప్పి కొంగుతో తుడుచుకుంది. ఆ పూట షెడ్డులో ఇంకా ఎవరూ రంద పట్టనే లేదు.

నిర్మలమ్మ మాత్రం పెట్టె ముందునుంచి కదలలేదు. "రాకుంటే మానె గని వదినె," అంది, చిక్కుపడిన మోచేతులు విడదీసుకుంటూ, "గీ మిడతలు ఎట్ల చస్తయో పిల్లను జర వచ్చి చూపెట్టుమను."